పిట్టలొచ్చినాయర్రా

జూన్ 5, 2004, శనివారం

మేకని కొబ్బరిచెట్టు ఎక్కించేసి కథ ఆపేశాను. ఓలమ్మ, ఏం గోల! పిల్లల్లో ఒక్క గుంట లేస్తే ఒట్టు. భార్గవి నా కొంగు పట్టుకుని, "కథలప్పా, దిగుతాదా పడిపోతాదా, ఒక్క ముక్క సెప్పీయి" అని ఒకటే నస. వచ్చే శనివారం చెప్తానన్నాను. సగంలో ఆపితేనే మళ్ళీ వస్తారు. సండేస్కూల్లో ఇన్నేళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టి నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య ఇది.

లైబ్రేరియన్ నారాయణమూర్తి గారు కూడా పేపరు పక్కన పెట్టి విన్నారు. పిల్లల పుస్తకాల బీరువాకి తాళం తీసే పని ఇన్నాళ్ళకి పడిందమ్మా అన్నారు. ఏడాదంతా స్కూల్లో ఎక్కాలు, డిక్టేషన్లు చెప్పి చెప్పి ఎండిపోయిన నా గొంతు శనివారం సాయంత్రానికి ఎక్కడ్నుంచి పుట్టుకొస్తుందో దేవుడికే తెలియాలి.

ఇదంతా సరస్వతి చలవే. అది లేకపోతే ఆ జీడి కాలనీ పిల్లలు లైబ్రరీ గడప తొక్కుదురా? ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, ముక్కులు తుడిచి, వరసలో నడిపించుకుని వస్తుంది. అయ్యాక మళ్ళీ అదే తీసుకుపోతుంది. చిన్నప్పుడు కాశీబుగ్గ హైస్కూల్లో నా పక్కన కూర్చుని నా లెక్కలు చూసి రాసేది. ఇప్పుడు నేను దాని మీద ఆధారపడ్డాను.

జూన్ 9, బుధవారం

బుధవారం అంటే మా ఇద్దరి మీటింగు. టీ, జంతికలు, శనివారం కథ. చివరిదాకా దానికే మొదట చెప్తాను. అది వింటూంటే నాకే ముచ్చటేస్తుంది, కళ్ళార్పదు. "ఈడ గొంతు తగ్గించినావు గదా, ఎందుకే?" అని అడుగుతుంది. ఎక్కడ ఆపాలి, ఎక్కడ పిల్లల్ని అడగాలి, అన్నీ చెప్పించుకుంటుంది. మా అమ్మ వంటింట్లోంచి, "దానికే అప్పజెప్పీ, నువ్వు పడుకో" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

మేక ఎలా దిగుతుందో చెప్పాను. సముద్రపు గాలి గట్టిగా వీచి చెట్టు వంగి వంగి తల నేలకి ఆనుతుంది. మేక బస్సు దిగినట్టు దిగిపోతుంది, డ్రైవరుకి తల ఊపి మరీ.

"ఇంకాస్త పొడుగ్గా కట్టవే. బేగి అయిపోతంది" అంది సరస్వతి. కథ పొడుగు కావాలని అడిగే పెద్దవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు?

జూన్ 12, శనివారం

చెట్టు వంగుతోందని నేను అనేలోపే పిల్లలందరూ ఒక్క గొంతుతో, "మేక బస్సు దిగినట్టు దిగిపోతాది!" అని అరిచారు. డ్రైవరుకి తల ఊపడం కూడా చేసి చూపించారు.

ఎత్తిన వేలు దించుకున్నాను. తర్వాత సరస్వతిని అడిగితే, "తోవలో సంపుకు తిన్నార్రా బాబూ, ఆగలేక సెప్పీసినాను. తప్పేటే?" అంది. తప్పేముంది, నిజమే. నేను చెప్తూంటే వాళ్ళ మొహాలు చూడాలని నాకుండే ఆశ దానికెందుకు ఉంటుంది?

జూన్ 19, శనివారం

భార్గవిని తిట్టాను. కొత్త బొమ్మల పుస్తకం మీద ఎర్రటి వేలిముద్రలు. చేతులు చూపించమంటే చూపించదు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చూస్తే అందరివీ అంతే. గోళ్ళ సందుల్లో ఎర్రటి పొడి, వేళ్ళ కొసలు గరుగ్గా, కొందరికి చీలిపోయి ఉన్నాయి. కుళాయి దగ్గర నిలబెట్టి సబ్బుతో తోమించాను. ఎర్రమట్టిలో ఆడుకుంటే ఇంతే. సరస్వతి కూడా, "మట్టి పిల్లలే, ఏటి సేత్తాం" అంది.

భార్గవి ఇవాళ కథ అడగలేదు. అలిగినట్టుంది.

జూన్ 26, శనివారం

కథ మధ్యలో నిద్రపోయారు కొందరు. మబ్బుగా ఉంది కదా, అందుకనే.

జూలై 7, బుధవారం

పీత కథ మొదలెట్టాను. అక్కుపల్లి ఒడ్డున ఒక పీతకి పోటు నీళ్ళొచ్చి బొరియ పోతుంది. ఇంటింటికీ వెళ్ళి జాగా అడుగుతుంది. ఎన్ని ఇళ్ళైనా తిప్పొచ్చు. పొడుగు కథ కావాలంది కదా, ఇదిగో తీసుకోవే తల్లీ అన్నాను. సరస్వతి మొహం వెలిగిపోయింది. "ఇది వారం వత్తాదే!" అంది. అంత సంతోషపడే స్నేహితురాలు ఉండటం కూడా అదృష్టమే.

ఎప్పుడూ నువ్వే వస్తున్నావు, ఈసారి నేనొస్తానంటే వద్దంది. తోవంతా బురదట. పైగా వాళ్ళాయన ఢిల్లీరావు జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి జీడిగుళ్ళు తెచ్చి, ఆడవాళ్ళ చేత పొట్టు తీయించి తిరిగి ఇస్తాడు కదా, పెరట్లో కాలు పెట్టే చోటు ఉండదట.

జూలై 14, బుధవారం

రాయలేను.

జూలై 15, గురువారం

రాయకపోతే ఇది లోపలే ఉండి నన్ను తినేస్తుంది. రాస్తాను.

నిన్న సరస్వతి రాలేదు. టీ చల్లారిపోయింది. పీత చివరికి ఎక్కడ ఉండాలో నాకు కొత్తగా తట్టింది, ఆ ఆనందంలో శనివారం దాకా ఆగలేక బురదలోనే చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బడి వదిలిన వేళ. వీధి తలుపు వేసి ఉంది. పెరటి వైపు రేకుల షెడ్డులోంచి కథ వినబడింది.

నా కథ. పీత అడుగుతోంది, "అమ్మా, మీ ఇంట్లో నాకు మూలన కాస్త సోటుందేటి?" అని. ఆ "మూలన" దగ్గర నేను గొంతు తగ్గిస్తాను. అదీ తగ్గించింది. నేను దగ్గినట్టు దగ్గింది కూడా. దిక్కుమాలిన మనసు, మొదట గర్వపడ్డాను! ఎంత బాగా చెప్తోంది, నేనే నేర్పాను కదా అని గోడవతల నిలబడి నవ్వుకున్నాను.

తర్వాత రేకు సందులోంచి చూశాను.

పిల్లలు అర్ధచంద్రంలా కూర్చున్నారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, నేను లైబ్రరీలో కూర్చోబెట్టినట్టే. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో చాట. చాటలో జీడిగుళ్ళు. కళ్ళు సరస్వతి మీద, వేళ్ళు గుళ్ళ మీద. గిల్లి, తిప్పి, ఎర్రటి పొట్టు ఊది, పక్కన వేస్తున్నారు. చూడకుండానే చేస్తున్నారు. భార్గవికి ఆరేళ్ళు కూడా నిండలేదు, అది కూడా చూడకుండానే చేస్తోంది.

"ఆ ఇంటి తలుపు తీసినాది ఎవులంటే..." అని సరస్వతి ఆపింది. నేను ఆపినట్టే, వేలు పైకెత్తి.

"ఎవులు పిన్నీ, ఎవులు?"

"సాట ఖాళీ సెయ్యండి. అప్పుడు సెప్తాను."

గుంటలందరూ ఒక్కసారి తలలు దించారు. ఆ వేళ్ళ వేగం చూడలేకపోయాను.

నా కిటుకు. నా చేతులారా దాని చేతిలో పెట్టాను, టీ పోసి, జంతికలు పెట్టి మరీ.

లోపలికి వెళ్ళాను. సరస్వతి నన్ను చూసి కంగారైనా పడలేదు. లేచి వచ్చి, "బురదలో ఎందుకొచ్చినావే" అంది. ఏం చేస్తున్నావే అన్నాను.

"ఏటి సేత్తన్నాను? నాను కొట్టి సేయిత్తన్నానా? తిట్టినానా? కథ సెప్తన్నాను. అంతకుముందు ఈ గుంటలు ఏడుసుకుంటూ ఒలిసేవోలు, తలకాయ్ ఎత్తి ఎత్తి తలుపు కాసి సూసేవోలు. ఇప్పుడు సూడు, నవ్వుతన్నారు. నీ పుణ్యమే గదే. నువ్వు లైబ్రరీలో సెప్తే సేవ, నాను సెప్తే పాపమా?"

దానికి జవాబులా? ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. భార్గవి నన్ను చూసి చేతులు తొడల కింద పెట్టుకుంది. చాట బోర్లా పడి గుళ్ళన్నీ దొర్లిపోయాయి. సరస్వతి దాన్ని ఏమీ అనలేదు, నా ముందు కదా.

మట్టి అట! మట్టి పిల్లలట!

జూలై 17, శనివారం

వెళ్ళాను. వాళ్ళని ఏం చేస్తాను, వాళ్ళదేం తప్పు? సరస్వతి వాళ్ళని లైబ్రరీ గేటు దాకా తెచ్చి వదిలేసి లోపలికి రాలేదు. పీత కథ ముగించేశాను, గబగబా, సగంలో ఆపకుండా. ఇకముందు ఏ కథా సగంలో ఆపను. బైబిలు మీద చెయ్యి వేయలేదు గానీ వేసినట్టే.

చేతులు కడగమనలేదు. భార్గవిని దగ్గరికి పిలిచి పుస్తకం ఒళ్ళో పెట్టాను. ముట్టుకోలేదు. పేజీలు నేనే తిప్పాను.

జూలై 18, ఆదివారం

చర్చి అయ్యాక నేరుగా వరహాలమ్మ ఇంటికి వెళ్ళాను. భార్గవి తల్లి. పొద్దుగూకేదాకా ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, జీడి రసం తగిలి అరచేతులు నల్లగా బొబ్బలెక్కి ఉంటాయి. ఈవిడకి తెలిసి ఉండదు, తెలిస్తే ఊరుకుంటుందా అనుకుంటూ వెళ్ళాను. ఎంత పిచ్చిదాన్ని!

"తెల్దనుకున్నావేటమ్మా?" అంది. "సరస్వతి ముందే సెప్పినాది. శనోరం కథకి అంపుతాను, మిగతా దినాలు నా కాడ కూసుంటారు అని. నాను ఫ్యాక్టరీకి ఎల్తే గుంటని ఎవులు సూత్తారు? రోడ్డు మీద లారీలు. ఆడ కూసుంటాది, కథ ఇంటాది, నాలుగు గుళ్ళు ఒలుత్తాది. నా సేతుల్లాగ అవ్వలేదు గదా దాని సేతులు."

తన చేతులు చూపించింది. నేను ఆ చేతుల్ని చూసి లేచి వచ్చేశాను. కోపమంతా వాకిట్లోకి వచ్చాకే వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియకుండా.

అంటే మొదట్నుంచీ. మొదటి శనివారం నుంచే. నా కథల కోసం పిల్లల్ని పోగు చెయ్యలేదు అది. పిల్లల కోసం నా కథల్ని పోగు చేసింది.

జూలై 19, సోమవారం

నారాయణమూర్తి గారికీ తెలుసు!

"అందరికీ తెలుసు కృపా. నీకు తెలిసే చేస్తున్నావనుకున్నాను" అన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. అబద్ధం. తెలిసే చేస్తున్నాననుకుంటే మరి ఆ ఎర్రటి వేలిముద్రలున్న పుస్తకాలు నాకు కనబడకుండా బీరువా పైఅరలో ఎందుకు పెట్టారు? అడిగాను. "పిల్లలు రావాలి కదమ్మా. పై నుంచి ఎవరైనా చూడ్డానికొస్తే పిల్లలు కనబడాలి. సరస్వతి మానేస్తే నీ ముందు కూర్చునేదెవరు?" అన్నారు.

టౌనంతా కలిసి నన్ను కూర్చోబెట్టి కథ చెప్పారు. వింటూ కూర్చున్నాను నేను.

జూలై 24, శనివారం

వెళ్ళలేదు.

జూలై 28, బుధవారం

అలవాటు చొప్పున రెండు గ్లాసుల టీ పెట్టాను. రెండోది మొక్కకి పోశాను. అమ్మ చూసి, వేడి టీ పోస్తే మొక్క చస్తుందే అంది. చావనీ అన్నాను. తర్వాత వెళ్ళి నీళ్ళు పోశాను.

హైస్కూల్లో అది నా లెక్కలు చూసి రాసి నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నప్పుడు కూడా మేం ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు. అదొక్కటే తేడా, సరస్వతి మారలేదు.

జూలై 30, శుక్రవారం

లేబర్ ఆఫీసులో చెప్పాను. ఇళ్ళల్లో జరిగేవాటికి మేమేం చేస్తాం, అయినా చూస్తాం అన్నారు. చూస్తారు, చూస్తారు.

ఆగస్టు 4, బుధవారం

మానేస్తే ఏమవుతుంది? ఇది నన్ను నేను వారం నుంచీ అడుగుతున్న ప్రశ్న. ఏమీ అవదు. సరస్వతి దగ్గర నా కథలు ఏడాదికి సరిపడా ఉన్నాయి. పిల్లలకి శనివారం ఒక్కటీ పోతుంది, చాట మిగులుతుంది.

అమ్మ ఇవాళ అంబలికని చాటలో చోళ్ళు బాగుచేస్తూ చిన్నప్పటి సంగతి చెప్పింది. ఉద్దానంలో వాళ్ళ నాన్న చోడి చేను కంకి మీదుంటే, పిట్టల్ని తోలడానికి పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టేవాడట. వడిసెల పట్టే వయసు కాదు కదా, చప్పట్లే. "పిట్టలొచ్చినాయర్రా!" అని ఎవరో ఒకరు అరవడం, అందరూ చేతిలో ఏదుంటే అది పారేసి చప్పట్లు కొట్టడం. చెప్తూ చెప్తూ అమ్మ చాట వదిలేసి కొట్టి చూపించింది. చోళ్ళు వాకిలంతా పడ్డాయి.

అమ్మ వాటిని ఏరుకుంటోంది. నేను అలాగే చూస్తూ నిలబడిపోయాను. సాయం చెయ్యవేమే అని తిట్టింది కూడా.

చేతిలో ఏదుంటే అది పారేసి.

ఆగస్టు 7, శనివారం

చెప్పాను. పిల్లల్ని చోడి చేను చుట్టూ గట్టు మీద కూర్చోబెట్టాను. సండేస్కూల్ నుంచి తెచ్చిన ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలేవీ అంటించలేదు, ఒట్టి పచ్చగుడ్డ. ఇదే చేను, మీదే చేను అన్నాను. ఒక ముసలమ్మ నాటిపోయింది, కాపలా మీరే. నేను కథలో ఎక్కడికి పోయినా సరే, పిట్టలొచ్చినాయర్రా అన్నానంటే అందరూ కొట్టాలి. ఒక్కరు కొట్టకపోయినా ఆ వైపు కంకులు పోతాయి.

మొదట పిచ్చుకలు. తర్వాత చిలకలు. తర్వాత ఎక్కడో ఒడిశా వైపు నుంచి పేరు తెలియని పెద్ద పిట్ట. ఓలమ్మ, ఆ చప్పట్లకి నారాయణమూర్తి గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. నిద్రపోయేవాడు ఒక్కడు లేడు. భార్గవి చేతులు తొడల కింద నుంచి వాటంతటవే వచ్చేశాయి. కొట్టాక నొప్పెట్టి ఊదుకుంది, మళ్ళీ కొట్టింది.

చివరిదాకా చెప్పి కోత కోయించి ఇళ్ళకి పంపాను. ఆ పని మంచిదా చెడ్డదా నాకు తెలియదు. తెలిసే చేశాను, అంతవరకు నిజం.

ఆగస్టు 11, బుధవారం

సరస్వతి వచ్చింది. మా బుధవారం, మా వేళకే వచ్చింది. టీ ఇవ్వలేదు.

"ఏటి కథే అది? రోజంతా అదే కావాలంతన్నారు. నాను వేరేది మొదలెడితే ఎవుడో ఒకడు పిట్టలొచ్చినాయర్రా అంతాడు. సాటలు కింద, సేతులు పైన! గుళ్ళు ముక్కలైపోతన్నాయి, ఫ్యాక్టరీవోలు ముక్కలు తీసుకుంతారేటి? మా ఆయన నా మీద పడి తినేత్తన్నాడు. కావాలనే కట్టినావు గదా?"

కావాలనే కట్టాను అన్నాను.

అది ఏడ్చింది. నేను దాన్ని ఏడవగా చూడటం వాళ్ళ నాన్న పోయినప్పటి తర్వాత ఇదే. "సిన్నప్పటి నుంచి నీ ఎనకాలే తిరిగినాను. నమ్మినాను నిన్ను. నా కడుపు మీద కొట్టినావు కృపా" అంది.

నేను! నేను దాన్ని మోసం చేశానట! నమ్మింది ఎవరు, అమ్ముకుంది ఎవరు? నోరు తెరిస్తే ఏం వస్తుందో తెలియక లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అది వెళ్ళేదాకా తలుపు వెనకే నిలబడ్డాను. వెళ్తూ జంతికల డబ్బా మూత సరిగ్గా పెట్టి వెళ్ళింది. ఎప్పుడూ పెడుతుంది.

ఆగస్టు 14, శనివారం

ఎవరూ రాలేదు.

పచ్చగుడ్డ పరిచి కూర్చున్నాను. నారాయణమూర్తి గారు గేటు దాకా వెళ్ళి చూసి వచ్చారు. రోడ్డు మీద ఎవరో పిల్లలు రేపటి జెండాలు అమ్ముతున్నారు, వాళ్ళు తప్ప ఎవరూ లేరు. "చెప్పాను కదమ్మా" అన్నారు. చెప్పారు. అందరూ అన్నీ ముందే చెప్పారు, నాకు తప్ప.

గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికని బయల్దేరాను. కాళ్ళు జీడి కాలనీ వైపు తిరిగాయి.

షెడ్డులో కథ లేదు. చాటల్లో గుళ్ళు దొర్లే చప్పుడు మాత్రం. వీధిలో నిలబడ్డాను. తలుపు తట్టలేదు, రేకు సందులోంచి చూడలేదు. క్లాసులో వెనక బెంచీకి వినబడేలా గొంతు పెంచి మొదలెట్టాను. అనగనగా ఉద్దానంలో ఒక ముసలమ్మ చోడి చేను వేసింది. ఎదురింటామె బిందె దింపి చూసింది. సైకిలు మీద పోయేవాడు కాలు ఆన్చి నిలబడ్డాడు. నవ్వుకున్నారేమో, నేను చూడలేదు.

కంకి పాలు పోసుకుంది. ముసలమ్మ జ్వరంతో పడుకుంది. గట్టు మీద పిల్లలు కూర్చున్నారు.

"పిట్టలొచ్చినాయర్రా!"

ఏమీ లేదు. గుళ్ళ చప్పుడు ఆగింది, అంతే.

తర్వాత ఒక్క జత చేతులు, మెల్లగా. తర్వాత షెడ్డంతా చప్పట్లు. చాటలు కింద పడిన చప్పుడు. "ఊరుకోండర్రా!" అని ఢిల్లీరావు అరుపు. మళ్ళీ చప్పట్లు.

సరస్వతి తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో నిండు చాట. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. గడపలో నిలబడి వింది. నేను చిలకల దగ్గరికి వచ్చాను. దాని పెదాలు కదలటం చూశాను. నా వెనకే ఒక్కొక్క మాటా అనుకుంటోంది. ఇప్పుడు కూడా, ఈ వేళ కూడా, నేర్చుకుంటోంది! నేను ఆపేయాల్సింది. ఆపలేదు. ఏ కథా సగంలో ఆపనని అనుకున్నాను కదా.

కోత కోయించి, కుప్ప పోయించి, ముగించాను. అప్పుడది లోపలికి తిరిగి మెత్తగా, అచ్చు నా గొంతుతో, "కూసోండర్రా. ఆ కథే నాను మళ్ళీ సెప్తాను. సప్పట్లు లేకండా సెప్తాను, సేతులు సాటల్లో ఎట్టండి" అంది.

తర్వాత భార్గవి గొంతు వినబడింది. ఎదురు తిరిగినట్టు కాదు, తెలియనివాళ్ళకి చెప్తున్నట్టు.

"సప్పట్లు లేకపోతే సేను పోతాది గదా పిన్నీ."

సరస్వతి చాట పట్టుకుని అలాగే నిలబడింది. నేను కూడా వీధిలో నిలబడే ఉన్నాను.

లోపల మళ్ళీ ఎవరో అన్నారు, ఈసారి నేను కాదు, సరస్వతి కాదు.

"పిట్టలొచ్చినాయర్రా!"